అడ్రసు దాచేసే లింకు

ఎక్సెల్ షీట్‌లో లింకు నొక్కితే ఫైలు తెరుచుకోలేదనుకోండి. మన ఆఫీసుల్లో దాదాపు ఒకటే తంతు నడుస్తుంది. ముందు ఇంకోసారి, కాస్త గట్టిగా నొక్కుతారు. తర్వాత ఎక్సెల్ మూసి మళ్లీ తెరుస్తారు. ఆ తర్వాత సిస్టం రీస్టార్ట్. అప్పటికీ కాకపోతే "వైరస్ పట్టినట్టుంది" అని పక్క సీటు నుంచి తీర్పు వస్తుంది. సర్వీసు కుర్రాడు వచ్చి, ఎమ్మెస్ ఆఫీస్ మొత్తం తీసేసి మళ్లీ వేసి, డబ్బులు పుచ్చుకుని వెళ్లిపోతాడు. లింకు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మా మేనల్లుడు విశాఖలోని ద్వారకా నగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ కోర్సులో భాగమైన శిక్షణ, చేస్తున్నాడు. టాక్స్ ఆడిట్ల హడావుడిలో ఉండగా ఫోన్ చేశాడు.

"మావయ్యా, క్లయింట్ల రిజిస్టర్‌లో లింకులన్నీ పోయాయి. ఏది నొక్కినా 'కెనాట్ ఓపెన్ ద స్పెసిఫైడ్ ఫైల్' అంటోంది. సార్ చూస్తే నా పని అయిపోయినట్టే."

"నిన్నటిదాకా పనిచేశాయా?"

"ఏటో మావయ్యా, కొన్ని చేశాయి. కొన్నయితే ఎప్పట్నుంచో చెయ్యట్లేదంట. ఎవరూ చూసుకోలేదు."

సర్వీసు కుర్రాడు అప్పటికే వచ్చి, పైన చెప్పిన పూజంతా చేసి వెళ్లాడట. సరే పంపించరా అన్నాను. ఆ ఆదివారం ఆ రిజిస్టర్‌తో కుస్తీ పట్టాక, చాలాకాలంగా లోపల నలుగుతున్న ఒక అభిప్రాయం గట్టిపడింది. పదిమంది వాడే రిజిస్టర్లలో కంట్రోల్ కె నొక్కి లింకు పెట్టే అలవాటు మానెయ్యాలి. ఫైలు ఎక్కడుందో ఆ అడ్రసు ఒక కాలమ్‌లో అందరికీ కనపడేలా రాసి ఉండాలి. లింకులు ఎలాగూ చెడిపోతాయి, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. చెడిపోయిన సంగతి బయటికి కనపడకుండా నీలం రంగులో, కింద గీతతో, శుభ్రంగా నవ్వుతూ కూర్చుంటాయే, నా గొడవంతా దానితోనే.

రైట్ క్లిక్ చేస్తే కనపడిన చరిత్ర

ఆ ఆఫీసుకి ఈ రిజిస్టర్ ఎందుకొచ్చిందో చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, బీరువాల మీద పేర్చిన ఫైళ్లు తడిసి ముద్దయ్యాయట. అప్పట్నుంచి ఆడిటర్ గారికి కాగితం మీద నమ్మకం పోయింది. ప్రతిదీ స్కాన్ చెయ్యండి, ఎక్సెల్‌లో క్లయింటు పేరు పక్కన లింకు పెట్టండి అన్నారు. నొక్కితే బ్యాలెన్స్ షీటు, నొక్కితే పాన్ కార్డు. మంచి ఏర్పాటే, కాదనను.

ఆ చెడిపోయిన లింకుల మీద ఒక్కొక్కటిగా రైట్ క్లిక్ చేసి, ఎడిట్ హైపర్‌లింక్ తెరిచి, కింద అడ్రస్ గడిలో ఏముందో చూస్తూ వచ్చాను. అన్నీ ఒకే జబ్బుతో పోలేదు.

ఒక గుంపు లింకుల్లో అడ్రసు మధ్యలో 'వైజాగ్ డిస్ట్రిక్ట్' అనే ఫోల్డర్ ఉంది. ఫైళ్లన్నీ ఉండే ఆఫీసు సర్వర్‌లో చూస్తే అందులో సగం క్లయింట్లు లేరు. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లాని మూడు ముక్కలు చేశారు కదా. ఆ ఊపులో ఎవరో ఉత్సాహవంతుడు ఆఫీసు ఫోల్డర్లని కూడా మూడు ముక్కలు చేశాడు. అనకాపల్లి బెల్లం వ్యాపారులు ఒక ఫోల్డర్‌లోకి, పాడేరు వైపువాళ్లు ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లారు. పరవాడ, సబ్బవరం పార్టీలు కొందరు ఇటు, కొందరు అటు. పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిందన్న సంగతి అందరికీ తలకెక్కలేదు మరి. సర్దినవాడిని తప్పు పట్టడానికి లేదు, అతను చేసింది మంచి పనే. కాకపోతే ఆ ఫోల్డర్ పేరు మీద వందల లింకులు వేలాడుతున్నాయని అతనికి ఎక్కడా కనపడలేదు. షీట్‌లో కనపడేది 'బ్యాలెన్స్ షీటు' అన్న రెండు ముక్కలే.

రెండో గుంపు ఇంకా విచిత్రం. అడ్రసులో సర్వర్ పేరే లేదు. యూజర్స్, ఆ తర్వాత ఒకరి పేరు, యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్ అని ఉంది. జన్మలో ఎవరూ అక్కడ బ్యాలెన్స్ షీటు దాచరు. ఇది ఎక్సెల్ వాడేవాళ్లు ప్రపంచమంతా మొత్తుకునే సంగతే. వర్క్‌బుక్, ఫైళ్లు ఒకే డ్రైవ్‌లో ఉంటే ఎక్సెల్ పూర్తి అడ్రసు రాసుకోదు. వర్క్‌బుక్ ఉన్న చోటి నుంచి ఎటు వెళ్లాలో దారి మాత్రం రాసుకుంటుంది. జగదాంబ నుంచి ఎడమకి తిరిగి రెండో సందు అని చెప్పినట్టు. అదే గుర్తుతో మద్దిలపాలెంలో బయల్దేరినవాడు ఎక్కడ తేలతాడు? కరెంటు పోయో, ఎక్సెల్ బిగుసుకుపోయో ఫైలు మధ్యలో ఆగిపోయి, ఆటో రికవరీలో తిరిగొచ్చిన కాపీని చూసుకోకుండా సేవ్ చేస్తే, బయల్దేరే చోటు మారిపోతుంది, దారులన్నీ యాప్‌డేటా వైపు తిరుగుతాయి. ఆ ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైందని తర్వాత తెలిసింది.

దీనికి మందు లేకపోలేదు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్తే వెబ్ ఆప్షన్స్ అని ఒక బటన్ ఉంటుంది. అందులో ఫైల్స్ అనే ట్యాబ్‌లో 'అప్‌డేట్ లింక్స్ ఆన్ సేవ్' టిక్కు తీసెయ్యాలి. వర్క్‌బుక్ ప్రాపర్టీస్‌లో హైపర్‌లింక్ బేస్ అనే గడిలో బయల్దేరే చోటు కచ్చితంగా రాసిపెట్టుకోవచ్చు కూడా. ఇన్ని మెట్లు దిగితే గానీ దొరకని చోట పెట్టారంటే, అక్కడికి ఎవరూ రాకూడదనే పెట్టి ఉంటారని నా అనుమానం.

మిగిలినవి చిల్లర జబ్బులు. కొన్నిటికి జెడ్ డ్రైవ్ అని ఉంది. లింకు పెట్టిన అమ్మాయి సిస్టంలో సర్వర్ ఫోల్డర్‌ని జెడ్‌గా మ్యాప్ చేశారు, కొత్త సిస్టంలో అదే ఫోల్డర్ వై అయింది. డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో అడ్రసు రాస్తే ఈ పీడ ఉండదు. కొన్ని ఫైళ్ల పేర్లలో 'బిల్ #12' అని హ్యాష్ గుర్తు ఉంది. ఎక్సెల్ హ్యాష్ చూడగానే ఫైలు పేరు అక్కడితో అయిపోయింది, మిగతాది లోపలి గుర్తు అనుకుంటుంది, కాబట్టి 'బిల్' అనే ఫైలు కోసం వెతికి లేదంటుంది. ఇంకొన్ని నీలం రంగు, గీత ఉన్న ఉత్త అక్షరాలు. ఎవరో పైకి కనపడే మాట మాత్రమే అతికించే పేస్ట్ వాల్యూస్ చేశారు, లింకు పోయింది, వేషం మిగిలింది.

ముందు ఎక్స్‌ప్లోరర్‌ని అడగండి

ఇలాంటప్పుడు నేను చేసే మొదటి పని ఒకటే. అడ్రసుని కాపీ చేసి, ఫైళ్లు చూసుకునే ఎక్స్‌ప్లోరర్ విండో పైన గడిలో పేస్ట్ చేసి ఎంటర్ కొడతాను. వెబ్ లింకయితే బ్రౌజర్‌లో. అక్కడా తెరుచుకోకపోతే తప్పు అడ్రసుది, ఎక్సెల్‌ని రిపేరు చేసి లాభం లేదు. అక్కడ తెరుచుకుని ఎక్సెల్‌లో తెరుచుకోకపోతే అప్పుడు ఎక్సెల్‌నో విండోస్‌నో అనుమానించాలి.

సర్వీసు కుర్రాడిని మరీ తీసిపారెయ్యడం న్యాయం కాదు. నిజంగానే సిస్టం తప్పయిన సందర్భాలు ఉంటాయి. 'ఈ కంప్యూటర్ మీద ఉన్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది, మీ అడ్మినిస్ట్రేటర్‌ని అడగండి' అని ఇంగ్లీషులో ఒక మెసేజ్ వస్తుంది. చూస్తే ఎవరో మనమీద నిఘా పెట్టినంత టెన్షన్. చాలాసార్లు దాని వెనక ఉండేది పాత బ్రౌజర్ తీసేసినప్పుడు డీఫాల్ట్ బ్రౌజర్ గందరగోళమవడం. సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ బ్రౌజర్‌ని మళ్లీ ఎంచుకుంటే మామూలైపోతుంది.

లాగిన్ కావాల్సిన సైట్లది మరో కథ. జీఎస్టీ పోర్టల్ లాంటి చోట్ల లోపలి పేజీ అడ్రసు షీట్‌లో పెట్టుకుంటారు. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్నా, ఎక్సెల్ నుంచి నొక్కితే మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్ అడ్రసుని నేరుగా బ్రౌజర్ చేతికివ్వదు, ముందు తనే వెళ్లి తలుపు కొడుతుంది. బ్రౌజర్‌లో మనం చేసిన లాగిన్ దానికి తెలీదు. సైటు లాగిన్ పేజీ వైపు తోస్తుంది, ఎక్సెల్ ఆ అడ్రసుని పట్టుకొచ్చి బ్రౌజర్‌కి ఇస్తుంది. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక మార్పుతో దీన్ని ఆపొచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. ఆఫీసు సిస్టంలో రిజిస్ట్రీ ముట్టుకోమని నేను మాత్రం ఎవరికీ చెప్పను. అడ్రసు కాలమ్‌లో కనపడుతుంటే కాపీ చేసి బ్రౌజర్‌లో పేస్ట్ చేసుకోవడం రెండు సెకన్ల పని.

కనపడితే ఏమిటి లాభం

చూడండి, మేనల్లుడి రిజిస్టర్‌లో 'వైజాగ్ డిస్ట్రిక్ట్' అని ఉన్న లింకులన్నీ ఒకేసారి మార్చాలంటే ఎవరికైనా ముందు తోచేది కంట్రోల్ హెచ్, అంటే ఒక మాటని వెతికి అన్నిచోట్లా మార్చెయ్యడం. వాడూ అదే చేశాడు. ఒక్కటీ దొరకలేదంది. ఎందుకు దొరుకుతుంది? కంట్రోల్ కె తో పెట్టిన లింకు అడ్రసు గడిలో ఉండదు, గడి వెనక ఉంటుంది. ఫైండ్ అక్కడికి వెళ్లదు. డేటా మెనూలో ఎడిట్ లింక్స్ ఉంది కదా, దాంట్లోనూ వెతికాడు. అది వేరే వర్క్‌బుక్ నుంచి లెక్కలు లాక్కొచ్చే ఫార్ములాల కోసం, ఈ లింకులకీ దానికీ సంబంధం లేదు. చివరికి నాలుగు లైన్ల మాక్రో, అంటే ఎక్సెల్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రాం, రాసి ఆ వెనకున్న అడ్రసులన్నీ ముందున్న కాలమ్‌లోకి లాగాను. ఒకసారి బయటికి వచ్చాక కంట్రోల్ హెచ్ నిమిషంలో పని కానిచ్చింది.

ఇంకోటి, లింకు మీద కనపడే మాటకీ అది వెళ్లే చోటుకీ ఏ సంబంధం ఉండక్కర్లేదు. 'బ్యాలెన్స్ షీటు 2023' అని ఉన్నదాన్ని ఎవరో '2024' అని దిద్దుతారు. మాట మారింది, అడ్రసు పాతదే. ఇలాంటి లింకు చక్కగా తెరుచుకుంటుంది, కాకపోతే నిరుడు ఫైలు తెరుస్తుంది. పని చెయ్యని లింకు కనీసం తిడుతుంది. ఇది తిట్టదు, తప్పు అంకెలతో ఆడిట్ రిపోర్టు రాయిస్తుంది. మేనల్లుడి షీట్‌లో ఇలాంటివి దొరికినప్పుడు ఆడిటర్ గారి ముఖం నేను చూడలేదు గానీ, ఫోన్‌లో మేనల్లుడి గొంతు విన్నాను.

మోసగాళ్లు వాడేది కూడా ఈ తలుపునే. ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్ అని పైన రాసి, అడ్రసు ఎక్కడికో పెడతారు. "మౌస్ పైన పెడితే అసలు అడ్రసు కనపడుతుంది కదా" అంటారు. ఎక్సెల్‌లో స్క్రీన్ టిప్ అని ఉంది, మౌస్ పెట్టినప్పుడు వచ్చే ఆ చిన్న చీటీలో లింకు పెట్టినవాడు తనకి నచ్చింది రాసుకోవచ్చు. అంటే ఆ చీటీని కూడా నమ్మడానికి లేదు. రాసి ఉన్న అడ్రసు కళ్లముందుంటే ఈ నాటకాలకి చోటు బాగా తగ్గుతుంది.

ఎదురు వాదనలు

ఆడిటర్ గారికి ఇది మేనల్లుడి ద్వారా చేరవేస్తే మొదటి మాట "షీటు అసహ్యంగా ఉంటుంది" అని. నిజమే, బారెడు అడ్రసులు చూడ్డానికి బాగోవు. అందుకే మొత్తం అడ్రసు ఒకే గడిలో రాయక్కర్లేదు. సర్వర్ ఫోల్డర్ వరకు ఉన్న భాగం వేరే షీట్‌లో ఒకే గడిలో ఉంచాం. రిజిస్టర్‌లో క్లయింటు నంబరు, సంవత్సరం, ఫైలు పేరు మాత్రమే. ఈ నాలుగూ కలిపి హైపర్‌లింక్ ఫార్ములా లింకు తయారుచేస్తుంది. రేపు సర్వర్ మారితే ఒక్క గడి మారుస్తే చాలు. వరసలు సార్ట్ చేసినా ప్రతి లింకూ తన వరస వెంటే నడుస్తుంది.

ఫార్ములాకి చావులేదని నేను అనను. ఫార్ములా లోపల కోట్స్ మధ్య 255 అక్షరాలకి మించి రాయనివ్వదు, అడ్రసు ముక్కలు గడుల్లో ఉంచడానికి అదీ ఒక కారణమే. ఇదే వర్క్‌బుక్‌లో ఇంకో షీట్‌కి వెళ్లే లింకుల్లో ఆ షీటు పేరు కోట్స్‌లో రాసేస్తే, పేరు మార్చిన రోజునే 'రిఫరెన్స్ ఈజ్ నాట్ వ్యాలిడ్' అంటుంది. అక్కడ ఎక్సెల్‌లోని సెల్ (CELL) అనే ఫంక్షన్‌తో అడ్రసు రప్పించుకుంటే పేరు మారినా వెంట మారుతుంది. ఇదంతా ఆఫీసులో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఆర్టికల్స్ కుర్రాళ్లు రెండేళ్లకోసారి మారిపోయే చోట ఆ ఒక్కరు ఎవరన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. కంట్రోల్ కె ఎవరికైనా వస్తుంది, ఫార్ములా అందరికీ రాదు. ఈ ఒక్క పాయింటు మీద నేను ఇప్పటికీ కాస్త తడబడతాను.

రుషికొండ ఐటీ వైపు పనిచేసే మిత్రుడొకడు నా వాదన విని నవ్వాడు. "క్లౌడ్‌లో పెట్టుకోరా బాబూ, ఏ యుగంలో ఉన్నావు" అన్నాడు. అతని మాటలో సగం నిజం ఉంది. గూగుల్ డ్రైవ్‌లో ప్రతి ఫైలుకీ సొంత ఐడీ ఉంటుంది. పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా లింకు పోదు. అనకాపల్లి ముచ్చట అక్కడ జరిగేదే కాదు. కాకపోతే జబ్బు ఇంకో చోట తేలుతుంది. నొక్కితే 'రిక్వెస్ట్ యాక్సెస్' అంటుంది, ఎందుకంటే బ్రౌజర్‌లో సొంత జీమెయిల్ తెరిచి ఉంది, ఫైలు ఆఫీసు అకౌంట్‌కి ఇచ్చారు. ఉద్యోగం మానేసినవాడి సొంత అకౌంట్‌లో ఫైలుంటే, అతను ఆ అకౌంట్ తీసేసిన రోజున ఫైళ్లకీ నీళ్లొదులుకోవాల్సిందే. ఆ కంపెనీలే మనసు మార్చుకోవచ్చు కూడా. గూగుల్ తన పొట్టి లింకుల సర్వీసుని 2019లో కొత్తవాటికి మూసేసింది. పాతవి 2025 ఆగస్టు 25తో ఆగిపోతాయని 2024లో ప్రకటించి, ఆఖర్లో వాడకంలో ఉన్నవాటిని ఉంచుతామంది. షీట్‌లో పొట్టి లింకు ఒక్కటే రాసుకున్నవాడికి, అసలు అడ్రసు ఏమిటో కూడా తెలీదు.

బయటి సైట్ల సంగతి చెప్పే పనే లేదు. ఇన్‌కమ్ టాక్స్ ఈ-ఫైలింగ్ 2021 జూన్ 7న కొత్త అడ్రసుకి మారింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవట్లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క చెప్పింది. అందుకే సర్క్యులర్లు, నోటిఫికేషన్లు లింకుగా కాకుండా పీడీఎఫ్‌గా దించుకుని, పక్క కాలమ్‌లో వాటి నంబరు, తేదీ రాసుకోమన్నాను. అడ్రసు చచ్చినా నంబరు పట్టుకుని వెతకొచ్చు.

ఊరి పేరు వద్దు

వెబ్‌ని తయారుచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే అడ్రసుల్లో ఏమేం పెట్టకూడదో రాశాడు. రాసినవాడి పేరు వద్దు, విషయం వద్దు, పాతది, ఆఖరిది లాంటి మాటలు వద్దు, ఫైలు ఎక్స్‌టెన్షన్ వద్దు, డిస్కు పేరయితే అసలే వద్దు. అన్నీ రేపు మారేవే. తయారైన తేదీ ఉండొచ్చు, అది మారదు కాబట్టి. మన ఆఫీసు ఫోల్డర్లు ఒకసారి తల్చుకోండి. 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ కరెక్టెడ్', దాని పక్కన మానేసిన గుమాస్తా పేరుతో ఒక ఫోల్డర్, వీటన్నిటి ముందూ జెడ్ డ్రైవ్.

మేనల్లుడి ఆఫీసులో ఈసారి క్లయింటుకి ఒక ఉత్త నంబరు ఇచ్చాం, ఫోల్డర్ పేరు కూడా అదే. మొదట వాడు అనకాపల్లివాళ్లకి ఏకేపీ అని, గాజువాకవాళ్లకి జీడబ్ల్యూకే అని ముందు తగిలిస్తానన్నాడు. "గుర్తుండడానికి బాగుంటాది కదా మావయ్యా" అని. వద్దన్నాను. గాజువాకలో ఉన్న ఫ్యాబ్రికేషన్ షాపు రేపు అచ్యుతాపురం వెళ్తే ఏం చేస్తావు? ఊరు, జిల్లా, యజమాని పేరు అన్నీ రిజిస్టర్‌లో విడి కాలమ్స్‌లో ఉంటాయి, ఎన్నిసార్లయినా మార్చుకో. ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోకు. వాడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఆఫీసులో పాతవాళ్లు ఇంకా గొణుగుతున్నారట, 0147 అంటే ఎవరో ఎలా తెలుస్తుందని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అంకెలతో మనుషుల్ని గుర్తుపెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఆడిటర్ గారు చివరికి కాలమ్‌కి ఒప్పుకున్నారు గానీ, ప్రింట్‌లో రాకూడదన్నారు. ప్రింట్ ఏరియా బయట పెట్టాం. ఆయన తరచూ అనకాపల్లి వెళ్లి క్లయింట్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో రిజిస్టర్ తెరుస్తుంటారు. ఫోన్ నుంచి ఆఫీసు సర్వర్ అందదు, కాబట్టి లింకు అక్కడ ఇప్పటికీ పనిచెయ్యదు. దానికి నేను మందు వెయ్యలేదు. కాకపోతే ఇదివరకు "ఆ బెల్లం ఆయనది, పోయినేడాదిది, నువ్వు చేసిందే" అని ఫోన్‌లో వర్ణించేవారట. ఇప్పుడు కాలమ్ చూసి నంబరు, సంవత్సరం, ఫైలు పేరు చదువుతారు. మావాడు ఎక్స్‌ప్లోరర్‌లో అదే కొట్టి, తీసి, వాట్సాప్ చేస్తాడు.